సమదూర ఫుట్‌బాల్

ఫుట్‌బాల్‌ని కాళ్ళతో ఆడతారని లోకమంతా అనుకుంటుంది. మా జిల్లాలో మాత్రం ముందు గొలుసుతో ఆడతారు. గొలుసంటే మెళ్ళో వేసుకునేది కాదండి, భూములు కొలిచే సర్వే గొలుసు. ఆ గొలుసు సాగి, మేకు దిగి, పెద్దలు తృప్తిగా తలూపాక, ఇంకా పొద్దుంటే అప్పుడు బంతి బయటికొస్తుంది.

ఈ వైభోగం పట్టక ముందు మా జిల్లా లీగు కూడా అందరి లీగుల్లాగే ఉండేది. ఏ జట్టు ఏ రోజున ఎక్కడ ఎవరితో ఆడాలో ఒక కాగితం మీద రాసేవారు. దాన్ని ఫిక్స్చరు అనేవారు. ఒకసారి మీ ఊళ్ళో, ఒకసారి మా ఊళ్ళో. చిన్నపిల్లలకి కూడా తెలిసిన లెక్క. అంత తేలిక విషయం పెద్దల చేతిలో ఎన్నాళ్ళు తేలిగ్గా ఉంటుంది చెప్పండి!

కొమ్మరేవు జట్టుకి మేనేజరు చింతా తాతబ్బాయి. సైకిల్ షాపాయన. వయసులో ఉన్నప్పుడు గోల్‌కీపరు. ఇప్పుడు మోకాళ్ళు వంగవు గానీ ఎవరైనా వీధిలో నిమ్మకాయ విసిరినా చెయ్యి దానంతటదే గాల్లోకి లేస్తుంది. కొమ్మరేవులో పడవల రేవు వెనక ఒక మైదానముంది. అటు తూర్పుపేట, ఇటు పడమరపేట, నడుమ మైదానం. తాతబ్బాయి తండ్రి గోదారి ఒండ్రు బండ్ల మీద తోలి మెరక చేసిన నేల అది. ఆ నేల మీద మ్యాచి జరుగుతుంటే గోల్ వెనకాల స్టూలు వేసుకుని కూర్చోడం, అదీ తాతబ్బాయికి బతుకులో ఉన్న సుఖం. మిగతాదంతా పంక్చర్లే.

నిరుడు తాటిచెర్ల జట్టు కొమ్మరేవు వచ్చి చిత్తుగా ఓడిపోయింది. ఓడినవాళ్ళు ఊరుకుంటారా? ఆడలేక మద్దెల ఓడన్నట్టు జిల్లా సంఘానికి ఫిర్యాదు పెట్టారు. పంటు మీద ఏరు దాటుతుంటే కళ్ళు తిరిగాయన్నారు. కొమ్మరేవు నీళ్ళు పడలేదన్నారు. గట్టు మీద ఆడవాళ్ళు తమ గోల్‌కీపరు ముక్కు గురించి ఏదో అన్నారని, అప్పట్నించీ అతను బంతిని వదిలేసి ముక్కునే కాపాడుకున్నాడని రాశారు.

వేరే అధ్యక్షుడైతే నవ్వి ఊరుకునేవాడు. కానీ జిల్లా ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షులు దండు విశ్వపతిరాజు గారు. సర్వే శాఖలో ఉద్యోగం చేసి విరమించిన మనిషి. జన్మలో బంతి తన్నలేదు గానీ గట్టు తగాదాలు తీర్చడంలో ఆయన్ని మించినవాడు లేడు. ప్రపంచంలో ఏ గొడవ వచ్చినా ఎక్కడో ఒక సరిహద్దు రాయి పక్కకి జరిగుంటుందని ఆయన నమ్మకం. మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుంటున్నారన్నా ముందు మంచం ఎవరివైపు ఎంత ఉందో కొలిపిస్తారు.

ఆయన సర్వసభ్య సమావేశం పెట్టి మైకు పట్టుకున్నారు.

"సోదరులారా! ఒక జట్టు ఇంట్లో చద్దన్నం తిని, గుమ్మం దాటితే మైదానం. ఇంకో జట్టు కోడికూతకి లేచి, పంటెక్కి, బస్సెక్కి, ఒళ్ళు హూనం చేసుకుని రావాలి! ఇది క్రీడా? లేక క్రీడ ముసుగులో సాగుతున్న జమీందారీయా? కావున నేటి నుండి ఏ రెండు జట్లు తలపడినా, ఆ రెండు ఊళ్ళకీ సరిసమాన దూరంలో గల మధ్యబిందువు వద్దనే తలపడవలెను. దీనికి సమదూర సూత్రమని నామకరణం చేయుచున్నాను."

హాలు దద్దరిల్లిపోయింది. సమానత్వం వద్దనడానికి ఎవరికి మాత్రం మొహం చెల్లుతుంది? అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది తాతబ్బాయే. పక్కవాడు వద్దని చెయ్యి పట్టుకున్నా వదిలించుకుని మరీ కొట్టాడు. పాపం, ఆ చప్పట్లు తన మైదానం నెత్తిన పడుతున్నాయని తెలీదు.

సూత్రం ప్రకారం మొదటి మ్యాచి కొమ్మరేవుకీ తాటిచెర్లకీ. సంఘం కార్యదర్శి బొండా ధర్మలింగం గారు మ్యాపు పరిచి, అటు కొలిచి, ఇటు కొలిచి, పెన్సిలుతో చుక్క పెట్టారు. చుక్క గోదాట్లో పడింది.

"గోదాట్లో ఆడతామేంటండి?" అన్నాడు తాతబ్బాయి.

ధర్మలింగం గారు మాట్లాడినా ఉత్తర్వు చదివినట్టే ఉంటుంది. ఇంట్లో మజ్జిగ కావాలన్నా అలాగే అడుగుతారని ప్రతీతి. "సదరు బిందువు జలమయమై ఉన్నదన్న సంగతి గమనించడమైనది. అయితే ప్రస్తుత వేసవి కారణంగా సదరు స్థలమందు ఇసుక మేట తేలి ఉన్నట్లు విశ్వసనీయంగా తెలియవచ్చినది" అన్నారు.

తేలే ఉంది. అటు రెండు పడవలు, ఇటు రెండు పడవలు వెళ్ళాయి. మేట సన్నగా బారుగా ఉంది కాబట్టి మైదానమూ సన్నగా బారుగానే గీశారు. ఇసకలో కాలు దిగితే లేవదు, బంతి లేస్తే ఇసకలో పడదు, నీళ్ళలో పడుతుంది. లైన్స్‌మన్‌గా ఒక పడవ సరంగుని పెట్టారు. అతను పుణ్యానికి బంతిని పట్టి తెచ్చిచ్చేవాడు గానీ దార్లో వల కూడా వేసుకునేవాడు.

ఆట మొదలయ్యే ముందు రాజు గారికి ఇంకో అన్యాయం కనపడింది. కొమ్మరేవు వాళ్ళకి అరిచేవాళ్ళు ఎక్కువున్నారు. ముఖ్యంగా తాతబ్బాయి భార్య మంగాయమ్మ. ఆవిడ సాయంత్రం గేదెని కేకేస్తే నది మధ్యలో పోయే లాంచీలు ఆగి చూస్తాయి. రాజు గారు ఆవిణ్ణి ఒక కేక వెయ్యమని, చెవి దగ్గర చెయ్యి పెట్టి శ్రద్ధగా విని, మొహం సీరియస్‌గా పెట్టారు.

"ఈ కంఠం ఒక పక్షానికే దక్కడం సహజ వనరుల దుర్వినియోగం. అమ్మా, మీరు మొదటి సగం మీవాళ్ళకి, రెండో సగం వాళ్ళకి అరవాలి."

ఆవిడ కొంగు బిగించింది. "ఆయ్, అలాగేనండి. పెద్దలు పనప్పగించాక అరకొరగా అరుస్తానేంటి?"

అన్నమాట నిలబెట్టుకుంది. రెండో సగంలో గోదారి రెండు గట్లూ మారుమోగేలా "ఒరేయ్ తాటిచెర్లోళ్ళూ! ఆ కొమ్మరేవు సువర్ణరాజుగాడికి ఎడంకాలు రాదురా! అటేపు తోలండ్రా వాణ్ణి!" అని గుట్టంతా విప్పేసింది. సువర్ణరాజంటే కొమ్మరేవు కెప్టెను. ఆవిడ చేతి అట్లు తిని పెరిగినవాడు. వాడు ఆట ఆపి "అత్తా!" అని ఒకే ఒక్క మాటన్నాడు. ఆ గొంతులోని బాధకి రిఫరీ కూడా విజిల్ దించేశాడు. మ్యాచి పోయింది. ఇంటికొచ్చాక తాతబ్బాయి అన్నం తినకుండా అటు తిరిగి పడుకుంటే, "రూలు రూలేనండి" అని ఆవిడ ఇటు తిరిగి పడుకుంది.

తరవాతి మ్యాచి కడలిగట్టు జట్టుతో. ఈసారి మధ్యబిందువు ఒక కల్యాణమండపం భోజనాల హాల్లో పడింది. ఆ రోజు అక్కడ పెళ్ళి. మేకు బలంగా పాతితే సరిగ్గా సాంబారు గుండిగ కింద దిగింది. జెర్సీలేసుకుని వచ్చిన ఆటగాళ్ళని చూసి, మగపెళ్ళివారి తరఫు కుర్రాళ్ళు అందరూ ఒకే రంగు చొక్కాలు కుట్టించుకున్నారు కాబోలనుకుని, పెళ్ళికూతురి తండ్రి చేతులు పట్టుకుని మరీ కూర్చోబెట్టాడు. కొమ్మరేవు వాళ్ళు మొదటి వరసలో కూర్చుని బొబ్బట్లు తిన్నారు. కడలిగట్టు వాళ్ళు కూర్చునేసరికి బొబ్బట్లైపోయి మైసూర్‌పాకు వేశారు. బంతి బయటికి రాకుండానే ఫలితం తేలిపోయింది. భోజన అసమానత కింద కొమ్మరేవుకి పాయింట్లు కోసేశారు.

"మా తప్పేంటండి, వడ్డించింది వాళ్ళు కదా?" అన్నాడు తాతబ్బాయి.

"వడ్డించినది ఎవరైననూ, నమిలినది మీ జట్టు" అన్నారు ధర్మలింగం గారు.

ఇవన్నీ ఎలాగో దిగమింగాడు తాతబ్బాయి. ఆటన్నాక గెలుపోటములుంటాయి, పెళ్ళన్నాక బొబ్బట్లుంటాయి. కానీ ఒకనాడు పంచాయతీ వాళ్ళు మైదానం గోడకి ఒక నోటీసు అంటించారు. ఈ సీజను ముగిసేలోగా గుర్తింపు పొందిన లీగు మ్యాచి ఒక్కటైనా జరగని మైదానాన్ని నిరుపయోగ స్థలంగా పరిగణించి, అందులో షాపుల సముదాయం కడతామని దాని సారాంశం.

తాతబ్బాయికి కాళ్ళ కింద నేల కదిలింది. కదలడమేంటి, లాగేసుకుంటున్నారు కదా! నోటీసు ముందు నిలబడి తండ్రి తోలిన ఒండ్రు తల్చుకున్నాడు. చిన్నప్పుడు మొట్టమొదటి గోలు ఆపి బోర్లా పడితే నోట్లోకెళ్ళిన ఆ మట్టి రుచి తల్చుకున్నాడు. ఏడుపొచ్చింది. ఏడ్చాడు కూడా, సిగ్గేముంది! తరవాత మొహం కడుక్కుని సంఘం ఆఫీసుకి బయల్దేరాడు.

"అయ్యా, ఒక్కటంటే ఒక్క మ్యాచి మా ఊళ్ళో పెట్టించండి. తమరి కాళ్ళకి మొక్కుతాను" అన్నాడు.

రాజు గారు చెడ్డవాడు కాడు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే బతిమాలో బెదిరించో పని జరుపుకోవచ్చు, సూత్రమున్న మంచివాణ్ణి ఏం చేస్తాం! ఆయన తాతబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని, టీ తెప్పించి, కళ్ళజోడు తుడుచుకున్నారు.

"తాతబ్బాయ్, నీ బాధ నాకు తెలీదనుకోకు. కానీ మీ మైదానం ఏ రెండు ఊళ్ళకి మధ్యబిందువో చెప్పు."

"ఏ రెండూళ్ళకీ కాదండి. మా ఊరికి మా ఊరే."

"చూశావా! అది ఆ మైదానం చేసుకున్న ఖర్మ. ఉండకూడని చోట ఉంది."

ధర్మలింగం గారు ఫైలు మూస్తూ వేళాకోళంగా ఒక మాట వదిలారు. "ఒకే గ్రామమందు రెండు జట్లు నెలకొని, వాటి నడుమ సదరు మైదానము ఉన్న పక్షమున తప్ప, ఈ అర్జీ పరిశీలనార్హము కాదు."

తాతబ్బాయి టీ గ్లాసు కింద పెట్టేశాడు. "ఆయ్, వస్తానండి" అని లేచాడు. ఆ రోజు తిరుగు పంటులో అతను మొహం మతాబాలా పెట్టుకుని కూర్చున్నాడని చూసినవాళ్ళు చెప్పారు.

రాగానే జట్టుని మైదానంలో కూచోబెట్టి సంగతి చెప్పాడు. కొమ్మరేవు జట్టు ఇక లేదు. తూర్పుపేట జట్టు ఒకటి, పడమరపేట జట్టు ఒకటి. సగం మంది అటు, సగం మంది ఇటు, తక్కువైన చోట ఊళ్ళో కాలూ చెయ్యీ ఆడేవాళ్ళని చేర్చుకోవాలి.

"ఇదేంటి మావయ్యా, మనల్ని మనమే చీల్చుకోడమా?" అన్నాడు సువర్ణరాజు.

"కాగితం మీదేరా నాయనా. మనుషులం మనుషులమే."

అలాగే అనుకున్నారందరూ. కానీ పేరు పెట్టాక ఊరుకుంటుందా పౌరుషం! వారం తిరక్కుండా తూర్పుపేట వాళ్ళు పడమరపేట కొట్టులో టీ తాగడం మానేశారు. పడమరపేట వాళ్ళు తూర్పుపేట మంగలి దగ్గర గడ్డం సగం చేయించుకుని లేచొచ్చేశారు. నడివీధిలో పూలమ్ముకునే ముసలమ్మ ఎవరివైపో తేల్చుకోలేక రోజు మార్చి రోజు చూపు తగ్గినట్టు నటించింది. మంగాయమ్మ పుట్టిల్లు తూర్పుపేట, మెట్టినిల్లు పడమరపేట. ఆవిడ మాత్రం "నాకు ముందే అలవాటైంది లెండి, సగం సగం" అంది.

కొలత రోజు రానే వచ్చింది. రాజు గారు, ధర్మలింగం గారు, గొలుసు మోసే మనుషులు, వెనక జనం. తూర్పుపేట జట్టు ఆఫీసు గుమ్మం నుంచి ఒక కొలత, పడమరపేట ఆఫీసు గుమ్మం నుంచి ఒక కొలత. రెండు ఆఫీసులూ తాతబ్బాయి చూసి చూసి పెట్టించినవే. ఒకటి కోళ్ళ గూడు పక్కన, ఇంకోటి వాళ్ళ బావమరిది అరుగు మీద. గొలుసు రెండు వైపుల నుంచీ పాక్కుంటూ వచ్చి, నడిమైదానంలో, బంతి పెట్టి ఆట మొదలెట్టే తెల్లచుక్క మీద ముద్దెట్టుకున్నట్టు కలిసింది.

జనం గోల పెట్టారు. తాతబ్బాయి రెండు చేతులూ ఆకాశంలోకెత్తేశాడు. కానీ రాజు గారు కదల్లేదు. ఆ చుక్క దగ్గర మోకాళ్ళ మీద కూర్చుండిపోయారు. కళ్ళలో నీళ్ళు.

"ధర్మలింగం! సర్వీసులో ఎన్ని బిందువులు చూశాను! కొన్ని నీళ్ళలో, కొన్ని ముళ్ళలో, కొన్ని సాంబార్లో. ఇలా ఆట మధ్యలో మధ్యబిందువు, మధ్యబిందువు మధ్యలో ఆట! జిల్లా మొత్తంలో సంపూర్ణ సమానత్వం సాధించిన ఏకైక స్థలం ఇదేనయ్యా!"

"నిస్సంశయముగా తమరి అభిప్రాయముతో ఏకీభవించడమైనది."

"అయితే మన సంఘానికి ఇంతకంటే తగిన చోటేముంది? ప్రధాన కార్యాలయం ఇక్కడే కడదాం. ఈ చుక్క మీదే. పంచాయతీని నేనొప్పిస్తాను."

అన్నంత పనీ చేశారు. మర్నాడే శంకుస్థాపన. నడిమైదానంలో కొబ్బరికాయ కొట్టి, నిలువెత్తు నల్లరాయి పాతి, దాని మీద పేర్లు చెక్కించారు. మ్యాచి సంగతేంటని అడిగితే, కార్యాలయం లేవగానే దాని చుట్టూ ఖాళీ ఉంటే ఆలోచిద్దామన్నారు. పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నట్టుంది వ్యవహారం.

తాతబ్బాయి ఆ రాయికి ఆనుకుని కూర్చున్నాడు. షాపుల నుంచి తప్పించుకుని ఆఫీసు నోట్లో పడ్డాడు. మంగాయమ్మ క్యారేజీ తెచ్చి పక్కన పెట్టింది. రాతి మీద పేర్లు పైనుంచి కిందికి చూసి మూతి తిప్పింది.

"ఏవండీ, నాకు తెలీకడుగుతానూ, మన మైదానంలో ఆడితే మన జట్టుకి లాభమని కదా ఈ గొలుసు తెచ్చింది? మరి ఆఫీసు మన ఊళ్ళో ఉంటే మనకి లాభం కాదా? తాటిచెర్లోళ్ళు అర్జీ పెట్టాలంటే పంటెక్కి రావాలి, మనం తుమ్మితే ఆఫీసులో వినపడుద్ది."

తాతబ్బాయి ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. క్యారేజీ మూత కూడా పెట్టకుండా సైకిలెక్కాడు.

రాజు గారి ఇంటి వరండాలో ఆయన ముందూ, ఫైళ్ళు పట్టుకొచ్చిన ధర్మలింగం గారి ముందూ చేతులు కట్టుకుని నిలబడి, సంఘం భాషలోనే మొదలెట్టాడు. "అయ్యా, సమదూర సూత్రానికి ఘోరమైన అపచారం జరిగిపోతోందండి. అదీ మా ఊరికి మేలు జరిగేలాగా. నా మనస్సాక్షి ఒప్పుకోవట్లేదండి." తరవాత మంగాయమ్మ మాట పొల్లు పోకుండా అప్పజెప్పాడు.

రాజు గారు కుర్చీలోంచి లేచారు. తిడతారేమో అని తాతబ్బాయి ఒకడుగు వెనక్కేశాడు. ఆయన గబుక్కున వాటేసుకున్నారు.

"నా కళ్ళు తెరిపించావయ్యా! సొంత ఊరికి వ్యతిరేకంగా అర్జీ పెట్టిన మొదటి మనిషివి! సంఘం కూడా సూత్రానికి లోబడాల్సిందే. అన్ని ఊళ్ళకీ సమాన దూరంలో ఉండాల్సిందే. ధర్మలింగం, మ్యాపు!"

అన్ని ఊళ్ళకీ కలిపి కొలిస్తే చుక్క మళ్ళీ గోదాట్లోనే పడింది. అదే ఇసుక మేట. సంఘం ప్రధాన కార్యాలయాన్ని తాటాకు పందిరి కింద అక్కడికి మార్చాలని, కొమ్మరేవులో రాయి పీకించి మ్యాచి పెట్టాలని అక్కడికక్కడే తీర్మానించారు. తాతబ్బాయి ఆనందంతో ఇద్దరికీ దణ్ణాలు పెట్టేశాడు. అంతా విని వెళ్ళిపోయి ఉంటే బాగుండేది. రాజు గారు భుజం మీద చెయ్యేశారు.

"ఇంకొక్క మాట. నీలాంటివాడు బయటుండకూడదు. నిన్ను సంఘంలో శాశ్వత సభ్యుడిగా తీసుకున్నాను."

"అంత భాగ్యవా అండి!"

"నూతన నియమావళి ప్రకారము" అందుకున్నారు ధర్మలింగం గారు, "మ్యాచి నడుచుచున్నంత సేపూ సభ్యులందరూ ప్రధాన కార్యాలయమందు కొలువుదీరి, అసమానత తలెత్తినచో తక్షణమే విచారించవలెను. ఏ ఒక్క సభ్యుడు గైర్హాజరైననూ సదరు మ్యాచి గుర్తింపు కోల్పోవును."

తాతబ్బాయికి అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక కూడా నవ్వుతూనే ఉన్నాడు. మొహానికి వేరే ఏం చెయ్యాలో తోచలేదు. తను స్టూలేసుకుని కూర్చుంటే మ్యాచి లెక్కలోకి రాదు. మ్యాచి లెక్కలోకి రాకపోతే మైదానం ఉండదు.

ఆదివారం సాయంత్రం కొమ్మరేవు మైదానంలో తూర్పుపేట, పడమరపేట తలపడ్డాయి. ఊరు ఊరంతా గట్టెక్కింది. గోల్ వెనకాల మంగాయమ్మ వేసిన స్టూలు ఖాళీగా ఉంది. తాతబ్బాయి గోదారి మధ్య ఇసుక మేట మీద, తాటాకు పందిరి కింద, రాజు గారికి కుడిపక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ కాళ్ళు మెల్లగా ఇసకలోకి దిగుతున్నాయి. అందరివీ సమానంగానే దిగుతున్నాయి.

ఎజెండాలో విషయాలేం లేవు. నీళ్ళ మీంచి గాలి కొట్టింది. ఆ గాల్లో ఒక్కసారిగా పెద్ద గోల వచ్చింది, ఊరంతా ఒకేసారి లేచి నిలబడితే వచ్చే గోల. దాని పైనుంచి, గోదారి దాటి, గేదెల్నీ లాంచీల్నీ ఆపే ఆ కంఠం స్పష్టంగా వినపడింది. "కొట్టార్రోయ్! మనోళ్ళు కొట్టార్రోయ్!"

"గోలు పడినట్లు తెలియవచ్చుచున్నది" అన్నారు ధర్మలింగం గారు.

"ఏ పక్షం?" అన్నారు రాజు గారు.

తాతబ్బాయి గట్టు వైపు తిరిగాడు. మనోళ్ళంటే తూర్పు కావచ్చు, పడమర కావచ్చు. ఆవిడ ఇప్పుడు ఏ సగంలో ఉందో అతనికి తెలీదు. ఎవరైతేనేం, బంతి వెళ్ళి తగిలింది తన వలకే. కిందపడ్డ గోల్‌కీపరు నోట్లోకి ఆ మట్టే పోయుంటుంది. కండువా కళ్ళకి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

రాజు గారు కంగారుపడ్డారు. వెంటనే అత్యవసర తీర్మానం ప్రవేశపెట్టారు. ధర్మలింగం గారు లేచి నిలబడి చదివారు.

"సమావేశము జరుగుచుండగా ఒక సభ్యులు కన్నీరు పెట్టుకొనుట గమనించడమైనది. సదరు కన్నీరు ఏ పక్షము నిమిత్తమన్నది తేలలేదు. కావున విరామానంతరము అంతే కన్నీరు రెండవ పక్షము నిమిత్తము కూడా పెట్టుకొనవలెనని ఏకగ్రీవముగా తీర్మానించడమైనది."

ఆ తీర్మానం అమలు చెయ్యడానికి తాతబ్బాయి ఏమీ ఇబ్బంది పడలేదు.